పండు పురుగుకు తగిన బ్యాటరీ లైటు

మా చెల్లెలు రామక్క సాధించిన మొదటి గెలుపు, అందరూ గుంత తీసి పూడ్చేయమన్న పట్టుపురుగుల పంటను నిలబెట్టి గూళ్ళు కట్టించడం. అప్పటికి ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మేనమామ కొడుకు ఎల్లప్పకే ఇచ్చి చేశాము కాబట్టి పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ మా గుట్టకిందపల్లే. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, మల్బరీ తోటల నడుమ ఉంటుంది మా ఊరు. ఈ ఊరికి మల్బరీ కట్టెలు తెచ్చి మొదట నాటినవాణ్ణి నేను. ఇప్పటివాళ్ళకు ఆ సంగతి తెలియదు, అందుకే రాసి పెడుతున్నాను.

ఆ ఏడు ఎల్లప్ప వాళ్ళ షెడ్డులో పాలరోగం తగిలింది. రోగం తగిలిన పురుగు ఒళ్ళు ఉబ్బి మెరుస్తుంది. గూడు కట్టడానికి సిద్ధమైన పురుగు కూడా మెరుస్తుంది, దాన్ని మేము పండు పురుగు అంటాము. ఏది రోగమో ఏది పండో తెలియక మా మామ విసిగిపోయి, "అంతా గుంతలో ఏసి సున్నం సల్లండి" అన్నాడు. రామక్క ఒప్పుకోలేదు. ఎల్లప్ప దగ్గరున్న రెండు సెల్లుల బ్యాటరీ లైటు తీసుకుంది. అద్దం పైకి తిప్పి, ఒక్కొక్క పురుగునూ దాని మీద పెట్టి చూసింది. వెలుతురు ఒంట్లో దూరి పచ్చద్రాక్షలా కనిపిస్తే పండు. వెలుతురును ఆపి మొద్దుగా ఉంటే రోగం. పొద్దున మొదలుపెట్టి, సంగటి ముద్ద ముట్టకుండా, పొద్దు వాలే దాకా ఏరింది. ఏరినవాటిని చంద్రికల మీద, అంటే పురుగు కూర్చుని గూడు అల్లుకునే వెదురు తడికల మీద, వేస్తే చక్కగా గూళ్ళు కట్టాయి. హిందూపురం మార్కెట్లో ఆ గూళ్ళను నొక్కి చూసిన వ్యాపారి, రోగం వచ్చిన షెడ్డు నుంచి వచ్చాయంటే నమ్మలేదు.

అప్పటినుంచి ఏ షెడ్డులో పంట పండుకొచ్చినా రామక్కకు పిలుపు వచ్చేది. పురుగును ఒక పూట ముందు ఏరితే అది గూడు కట్టకుండా చంద్రిక మీద తిరుగుతుంది. ఒక పూట ఆలస్యమైతే దారమంతా తట్టలోనే కక్కేస్తుంది. నెల రోజుల చాకిరీ ఆ ఒక్క పూటలో నిలబడుతుంది, లేదా పోతుంది. మా చుట్టుపక్కల పల్లెల్లో ఆ పూటను చెప్పగలిగిన మనిషి రామక్క. ఆమెను తీసుకుపోవడానికి జీపులు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. కొత్తచెరువు పక్కనుంచి ఒకాయన పెండ్లి కారు పంపించాడు, దాని ముందర పూలదండ కూడా అలాగే ఉండింది. పెనుకొండలో రైతుల సభలో శాలువా కప్పారు. ఆ సభలో రైతుల తరఫున మాట్లాడింది నేను. ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, అయినా పాల సొసైటీకి ప్రెసిడెంటుగా చేశాను, ఊరికి బస్సు వేయించాను, అర్జీ రాయాలంటే ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. ఆ రోజు నా మాటలకంటే రామక్క శాలువాకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. అది నాకు గర్వం.

ఇంతటి మనిషి ఇవాళ ఒక లైటు కోసం ఊళ్ళు పట్టి తిరగవలసి వచ్చింది. నా బాధ అది.

పగలైనా పురుగుల షెడ్డులో వెలుతురు ఉండదు. ఈగ దూరకుండా కిటికీలకు వలలు, ఎండ పడకుండా గోనె పరదాలు కట్టి ఉంటాయి. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికెరుక. అందుకే చేతి లైటు లేకుండా పండు చూడలేరు. రామక్క ఆ పాత రెండు సెల్లుల లైటును ఎన్నిసార్లు బాగు చేయించుకుందో లెక్క లేదు. స్విచ్చి ఊడిపోతే రాగి తీగ కట్టింది. అద్దం పగిలితే ఫొటో ఫ్రేము అద్దం కోయించి పెట్టింది. దాచిపెట్టుకున్న ఆఖరి బల్బు మొన్న వినాయక చవితికి ముందు మాడిపోయింది. పెనుకొండలో ఎలక్ట్రికల్ అంగడికి పోయి ఆ బల్బు అడిగితే అంగడి కుర్చీలో ఉన్నాయన నవ్వాడు.

"అవ్వా, ఆ బల్బులు ఇప్పుడు యాడుండాయి? ఎవుడన్నా మ్యూజియం పెట్టింటే ఆడ అడుగు."

"అవ్వ ఎవురికిరా? నీ తల నా తలకన్నా తెల్లగుండాది" అంది రామక్క.

"సరే అక్కా, కోపం సేసుకోవద్దు. ఎల్‌ఈడీ లైటు తీసుకో. ఛార్జింగు పెట్టుకో, వాడుకో."

"మెడకు తగిలించుకునేట్ల ఉండాల. కింద పెడితే నిలబడాల. తోటలో బోరు కాడికి పోతే పాము కనపడాల. షెడ్డులో పురుగు కనపడాల. అన్నిటికీ ఒకటే లైటు కావాల నాకు."

"ఇంతేనా? వంట సెయ్యాల్సిన పనిల్యా?"

ఆ రోజు ఆయన అంటగట్టిన లైటు చూడ్డానికి బొమ్మలా ముద్దుగా ఉండింది. నెల తిరగకముందే ఛార్జింగు నిలవడం మానేసింది. ఒక సాయంత్రం రామక్క మల్బరీ తోటలోకి పోయి, నడిమధ్య ఉండగా అది కన్ను మూసుకుంది. ఆమె గట్టు వెతుక్కుంటూ, చేతికర్రతో నేల కొట్టుకుంటూ ఇంటికి చేరింది. మరునాడు లైటు తీసుకుని పోతే, గ్యారంటీ కాగితం మీద అంగడి ముద్ర లేదన్నాడు. ముద్ర వేయాల్సింది ఎవరు, నువ్వు కాదా అని నేను అడిగాను. "మీరు అడగల్యా కదప్పా" అన్నాడు. పాల సొసైటీలో ఎంతమందిని దారికి తెచ్చానో, ఆ కుర్చీ మనిషి దగ్గర నా మాట సాగలేదు.

దసరా పోయినాక ఎల్లప్ప, రామక్క, నేను ముగ్గురం హిందూపురం పోయాము. అక్కడ అంగడాయన సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడాడు. అటక మీదనుంచి చేట అంత మొహం ఉన్న లైటొకటి దించాడు. దాన్ని వీధిలోకి పట్టి నొక్కితే, పట్టపగలు ఎదురుగోడ మీద తెల్లటి గుండ్రం పడింది.

"ఇది కొడితే పెనుకొండ కొండ మీద కోట రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు స్వామీ. దుడ్లు ఎక్కువైనా సరుకు గట్టిది."

"కోట రాళ్ళు లెక్కబెట్టి నేనేం సేసుకుంటా?" అన్నాడు ఎల్లప్ప.

"నువ్వు ఊరికే ఉండు" అంది రామక్క. పెనుకొండ లైటు చేసిన మోసానికి ఆమెకు ఇంకా మండుతూ ఉండింది. లైటును మెడకు తగిలించుకుంది. కింద నిలబెట్టి చూసింది. కంటి ముందు పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "దీనికి సావు లేదు. ఇదే కావాల" అంది. ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ఒడిలోంచి దాన్ని కింద పెట్టలేదు.

వారం తిరక్కముందే గంగాధర షెడ్డు నుంచి పిలుపు వచ్చింది. గంగాధర మా ఊరివాడే. బెంగుళూరులో డ్రైవరు పని మానేసి వచ్చి, కొత్త షెడ్డు కట్టి, మొదటి పంట పెట్టాడు. ఆ పంట ఎలాగైనా బాగా రావాలని ఊరంతా కోరుకున్నాము. రామక్క పొద్దున్నే పోయింది, నేనూ వెంట పోయాను. ఆమె లైటు అద్దం పైకి తిప్పి ఒక పురుగును పెట్టింది. పచ్చద్రాక్షలా కనిపించింది. ఇంకో తట్టలోంచి తీసి పెట్టింది. ద్రాక్షే. మూలనున్న తట్టలోది, కిటికీ పక్కది, ఏది పెట్టినా ద్రాక్షే. రామక్క మొహం వెలిగిపోయింది.

పంటంతా ఒకేసారి పండటం ప్రతి పట్టు రైతూ కోరుకునే సంగతి. అది చాలా అరుదు. నా చేతి మీదుగా ఎన్నో పంటలు నడిచాయి గాని అలాంటిది నేను చూడలేదు.

"గంగాధరా, కూలోళ్ళను పిలుచుకోపో! అంతా పండింది, తట్ట తట్టా పండింది! ఒక్క పురుగు మిగల్దు!"

"నిజమా అక్కా? ఇంకా ఆకు తింటానే ఉండాయి కదా?"

"తినేవి ఆఖరి మెతుకులప్పా. నా మాట మీద నమ్మకం ల్యాకుంటే నన్నెందుకు పిలిస్తివి?"

గంగాధర పరుగెత్తాడు. కూలీలు వచ్చారు. మధ్యాహ్నానికి చంద్రికలన్నీ పురుగులతో నిండిపోయాయి. గంగాధర ఇంట్లోవాళ్ళు అందరికీ పాయసం పెట్టారు. రామక్కకు చీర పెట్టారు. ఆ చీరను ఆమె విప్పి భుజం మీద వేసుకుని ఇంటిదాకా నడిచింది.

మరునాడు పురుగులు గూడు కట్టలేదు. చంద్రికల మీద అటూ ఇటూ తిరిగాయి. కొన్ని కింద పడ్డాయి. కొన్ని చచ్చి నల్లబడ్డాయి. కట్టినవి ఉల్లిపొరలా పలచని గూళ్ళు కట్టాయి. హిందూపురం మార్కెట్లో వాటిని చేత్తో పట్టుకున్న వాళ్ళు తిరిగి తట్టలో పడేశారు. ఆ మాట ఊరికి గంగాధర కంటే ముందే చేరింది.

గంగాధర రామక్క ఇంటి ముందు నిలబడి గట్టిగానే అన్నాడు. "కండ్లు పోయినాయి నీకు. పోయినాయని సెప్పి ఇంట్లో కూచోకుండా, నా పంట మీదనే సూసుకోవాల్నా?"

రామక్క తలుపు దగ్గరికి వచ్చి పెట్టిన చీరను మడిచి అతని చేతిలో పెట్టింది.  

నేనే ఆమెను హిందూపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అంతకుముందే ఆపరేషన్ చేయించుకుని శుక్లం పొర తీయించుకుంది, ఆ కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ కాగితం తెచ్చి ఊళ్ళో చూపిస్తే ఎవరూ చదవలేదు. మూడు షెడ్లవాళ్ళు అప్పటికే కొత్తచెరువు నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నారు. ఈలోగా రామక్క, ఎల్లప్పల సొంత షెడ్డులోకి పిల్ల పురుగులు వచ్చాయి. ఆకు మా తోటది కూడా కలిసే పడుతుంది కాబట్టి, ఆ పంటలో నాకూ పాలుంది.

పురుగు తోలు మార్చుకోవడాన్ని మేము జ్వరం అంటాము. నాలుగు జ్వరాలు దాటి, వారం ఆకు తింటే గాని పురుగు పండదు. మూడో జ్వరం నుంచి లేచిన రోజు రామక్క నాకు కబురు పంపింది. పోయేసరికి షెడ్డు మధ్యలో కూర్చుని ఉంది. హిందూపురం లైటు ఒడిలో ఉంది, అద్దం మీద పురుగు ఉంది.

"సూడన్నా. పండింది."

చూశాను. పచ్చద్రాక్షలా ఉంది.

"ఏమే, నీకు పిచ్చా? ఇది ఈ పొద్దే గదా మూడో జ్వరం లేసింది?"

"అదే సెప్తాండా. మూడో జ్వరం పురుగు పండినట్ల కనపడతాండాది. దీని వెలుతురు గోడలో దూరమన్నా దూరుతాది, ఇంక పురుగు ఒంట్లో దూరకుండా ఉంటుందా?" లైటును నేలకేసి కొట్టబోయింది. ఎల్లప్ప చెయ్యి పట్టుకున్నాడు. "నా పాత లైటు వెలుతురు మందం, మసక. అది దూరిందంటే పండినట్లే. ఇన్నేండ్లు నేను సూసింది పురుగును కాదు, ఆ లైటును! ఎంత వెలుతురుంటే అంత మంచిదని కండ్లు చెదిరేది తెచ్చుకుంటి."

"గంగాధరకు సెప్పుదాం" అన్నాను.

పోయి చెప్పాము. అతను పళ్ళు తోముకుంటూ విన్నాడు. "లైటు మీద పెడ్తాండావా తప్పు? లైటు పురుగుల్ని ఏరిందా, నువ్వు ఏరితివా?"

"నేనే ఏరితి" అంది రామక్క. "ఏరింది నేనే. లైటు కొనింది కూడా నేనే."

"అట్లయితే నీ పంట నువ్వే ఏరి సూపించు. ఊరంతా వచ్చి సూస్తాం. అప్పుడు మాట్లాడు."

రామక్క సరేనంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. శాలువాలు కప్పించుకున్న మనిషిని, పెండ్లి కారులో పోయి పంటలు నిలబెట్టిన మనిషిని, కొత్తగా కోడలైనదాన్ని పరీక్షించినట్లు పరీక్షిస్తారట. ఇప్పుడు ఆమెకు కావలసింది మందమైన లైటు. ఊళ్ళోవాళ్ళంతా సలహాదారులయ్యారు. సెల్‌ఫోను లైటు చాలదా అని ఒకరు అన్నారు. రామక్క అదీ పెట్టి చూసింది. నీలం చాయలో పురుగులన్నీ రోగం పురుగుల్లా కనిపించాయి. హిందూపురం లైటుకు పసుపు కాగితం చుట్టమన్నారు. చుట్టింది. కాగితం వేడెక్కి కమిలింది. దీపం బుడ్డితో చూడమని ఎల్లప్ప అన్నాడు. "పొగకు పురుగులన్నీ సస్తే నువ్వు గూడు కడతావా?" అని అడిగింది.

అప్పుడు ధర్మవరం నుంచి రామక్క కూతురు అశ్విని ఫోన్ చేసింది. అశ్విని మొగుడు పట్టుచీరల అంగడిలో పని చేస్తాడు. "అమ్మా, ఈడ చీర రంగు సూడ్డానికి చేతి లైటు వాడతారు. ఒకటే లైటులో తెల్లది, పసుపు పచ్చది రెండు వెలుతుర్లు ఉంటాయి. పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నువ్వు రా, సూద్దువు."

"అంగట్లో గోడ మీద కొట్టి సూపిస్తే నేను కొననే" అంది రామక్క. "పురుగు మీద పెట్టి సూసినాకనే."

"ధర్మవరంలో పురుగులు యాడ తేవాల? ఈడ చీరలుండాయి."

మల్బరీ ఆకుల్లో చుట్టి డబ్బాలో నాలుగు పురుగులు పట్టుకుని రామక్క పెనుకొండలో రైలెక్కింది. స్టేషన్లో నేనే ఎక్కించాను. చీరల అంగడిలో ఆమె డబ్బా మూత తీసి, అద్దం మీద పురుగును పెట్టగానే చీరలు బేరమాడుతున్న పెళ్ళివారు లేచి బయటికి పరుగెత్తారట. "అమ్మ ఇంకెప్పుడూ మా అంగడికి రాకూడదని మా సేటు చేతులెత్తి మొక్కినాడు పెదనాయనా" అని అల్లుడు ఫోనులో చెప్పాడు. అయినా లైటు దొరికింది. మెడకు తగులుతుంది, నిలబడుతుంది, ఇనుముకు అంటుకుంటుంది. పెంచితే బోరు దాకా కనిపిస్తుంది. తగ్గించి పచ్చ వెలుతురు పెడితే పాత లైటు లాగే మందంగా ఉంటుంది. తగ్గించిన వెలుతురులో డబ్బాలోని పురుగులు నాలుగూ మొద్దుగానే కనిపించాయి. అంటే పండని పురుగును పండనిదిగా చూపించింది.

ఇక ఇంటికి రావాలి కదా. రాలేదు.

"పండనిది పండనట్ల సూపించింది సరే. పండింది పండినట్ల సూపిస్తాదని ఎవురు సెప్పినారు?" అని ఫోనులో అడిగింది. తాడిమర్రిలో అశ్విని అత్తగారి అక్క, పెద్దక్క అనే ఆవిడ ఉంది. ఆమె షెడ్డులో పంట మా కంటే ముందు పండుతుంది. రామక్క అక్కడికి పోయి కూర్చుంది. లైటు ఆ పురుగులను ఎలా చూపిస్తుందో చూడాలట. అంతటితో కాదు, ఏరిన పురుగులు గూళ్ళు కట్టేదాకా చూడాలట. ఒకసారి తన కళ్ళ ముందు గూడు కట్టనిదే ఈ లైటుతో మన షెడ్డులో పురుగు ముట్టదట.

ఇక్కడ మా పురుగులు నాలుగో జ్వరం లేచాయి. ఆకు తింటున్న చప్పుడు వాన పడినట్లు వాకిలి దాకా వినిపిస్తోంది. ఎల్లప్ప ఆకు మోసి మోసి నడుం పట్టుకుంటున్నాడు. చంద్రికలు కడిగి ఎండబెట్టాము. కూలీలకు ఏ రోజు రావాలో చెప్పలేక మాట దాటేస్తున్నాము. గంగాధర పొద్దునోసారి, సాయంత్రమోసారి షెడ్డు ముందు ఆగి పోతున్నాడు. "ఏమప్పా, రామక్క యాడ? తాడిమర్రిలో సన్యాసం పుచ్చుకొనిందా?" అంటాడు. నాకు నోరు ఊరుకోదు. ఊరికి మల్బరీ నాటినవాణ్ణి, చిన్నపిల్లాడిగా నా ముందర మల్బరీ కట్టెలు పట్టుకుని తిరిగినవాడు నన్ను ఎగతాళి చేస్తున్నాడు.

నిన్న సాయంత్రం అతను ముందు ఉండగానే ఫోన్ చేసి, గట్టిగా వినపడేట్లు పెట్టాను.

"ఏమే, ఇంకెప్పుడు వస్తావు? ఈడ ఇంకో మూడునాలుగు దినాలకు పండేట్లుండాయి. మేము ఏం సెయ్యాల?"

"పెద్దక్క పంట ఈ పొద్దున ఏరినాము అన్నా. తగ్గించిన పచ్చ వెలుతురులో పండింది పండినట్ల, ఆకు తినేది ఆకు తినేట్ల, తేటగా కనపడింది. తట్టకు సగం పండింటే సగమే ఏరించినా. పెద్దక్క గొణుక్కుంటాండాది, అంతా ఒక్కసారే ఏరితే కూలి కలిసొచ్చేది కదా అని."

"మరి రావచ్చు కదా?"

"గూళ్ళు కట్టాల కదన్నా. పొయినసారి కూడా నేను తేటగా కనపడిందనే అనుకుంటి. గూడు నొక్కి సూసినాకనే వస్తా."

"ఈలోగా మన పంట ముందే పండితే?"

"పండదు. పండితే పోతాది. గంగాధరది పోయింది, మనది పోతే ఏం? ఇంకోసారి తప్పు లైటు పెట్టుకొని నేను ఎవురి షెడ్డులోనూ అడుగు పెట్టను. మనదైనా సరే."

 గంగాధర ఫోను దగ్గరికి వంగి, "అక్కా, రైల్లో వస్తాండావా, బస్సులోనా?" అని అడిగాడు.

"ఎవురది? గంగాధరా? రైల్లోనే. ఎందుకు?"

"స్టేషన్ కాడికి నా బండి తెస్తా. నీ కొత్త లైటు దావలోనే ఒకసారి సూడాల."

"సూడు, ముట్టుకోవద్దు" అని ఫోను పెట్టేసింది రామక్క.

నాకు నవ్వు రాలేదు, కోపమూ తగ్గలేదు. ఈ లైటు కొనడం పాడుగాను. పొద్దున్నే లేచి తట్టలన్నీ చూసి వచ్చాను. పురుగులు ఇంకా ఆకు తింటున్నాయి, తలలు ఎత్తలేదు. ఇంకో రెండు మూడు దినాలు ఇలాగే తినాలని మొక్కుతున్నాను. పెద్దక్క గూళ్ళు నొక్కి చూసుకుని రామక్క వచ్చేది ఇంకో మూడు దినాలకు, నవంబరు పద్నాలుగో తేదీ, శుక్రవారం.